స్కేలు గారికి, కృష్ణలో ఓడ ముంచుకున్నవాడు రాసుకున్నది

గౌరవనీయులైన స్కేలు గారికి నమస్కారాలండి.

నన్ను గుర్తుపట్టే ఉంటారు. ఆరో తరగతిలో లెక్కల మాస్టారి చేతిలో ఉండి నా వేళ్ల కణుపుల మీద చాలాసార్లు దర్శనమిచ్చారు. అప్పుడు మీరు చెక్క, అడుగు పొడవు, నాలుగు రూపాయలు. ఇప్పుడు పెద్దవారయ్యారు, బొమ్మ ఓడ అసలు ఓడలో ఎన్నో వంతో చెప్పడానికి 1/72 అని, 1/48 అని పేర్లు మార్చుకుని తిరుగుతున్నారు. కొట్టడం మాత్రం మానలేదు, చోటు మార్చారంతే, అప్పుడు వేళ్ల మీద కొట్టేవారు ఇప్పుడు పరువు మీద కొడుతున్నారు.

నిన్న ఆదివారం సాయంత్రం మా విజయవాడ పున్నమి ఘాట్‌లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, అక్కడే ఉన్నారుగా. తొమ్మిది నెలలు కష్టపడి చేసిన రిమోట్ బొమ్మ ఓడ. ఐఎన్‌ఎస్ తరంగిణి. మన నేవీ వాళ్ల ట్రైనింగ్ ఓడ, గోవా షిప్‌యార్డ్‌లో కట్టింది, 1997లో నేవీలో చేరింది, 2003-04లో ప్రపంచం మొత్తం చుట్టొచ్చింది. నాది ఘాట్ మెట్ల నుంచి పది అడుగులు పోయింది. పదకొండో అడుగు దగ్గర అమ్మవారి కొండ వైపు నుంచి చిన్న గాలి, అసలు గాలి అనడానికి కూడా మొహమాటపడాలి, అలాంటిది వచ్చి తగిలింది, మూడు మాస్టులూ (తెరచాపలు కట్టే స్తంభాలు), అన్ని తెరచాపలూ, నా తొమ్మిది నెలలూ కలిపి ఒక పక్కకి పడుకున్నాయి. లేస్తుందేమో అని రిమోట్ అటూ ఇటూ తిప్పా. చుక్కాని నీళ్ల పైకొచ్చి గాల్లో ఊగింది, టాటా చెప్పినట్టు.

పక్కన స్నానం చేసి ఒడ్డుకొస్తున్న ఒక పెద్దావిడ ఆగి, చేతులు జోడించి, కొంగులో ఉన్న పసుపు కుంకుమ తీసి నీళ్లలో వేసి, నా వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా "మునిగినాయన ఏ దేవుడు నాయనా?" అని అడిగింది. ఏం చెప్పమంటారండి? చెప్పండి మీరే.

సరే అక్కడితో అయిపోతే బావుండేది. పడుకున్న ఓడ నెమ్మదిగా బ్యారేజీ వైపు కొట్టుకుపోవడం మొదలెట్టింది. 2024 సెప్టెంబర్ వరదల్లో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నాక మా ఊళ్లో బ్యారేజీ వైపు కొబ్బరిబొండాం తేలుతూ పోయినా జనం గుంపు కడతారు. ముప్పై మంది పోగయ్యారు, పదిమంది ఫోన్లు తీశారు. ఒకాయన సీరియస్‌గా "గేట్లకి ఏమన్నా అవుద్దా" అన్నాడు. ఓడ పొడవు 75 సెంటీమీటర్లండి! ఆ బ్యారేజీ కిలోమీటరుంపావు దగ్గర దగ్గర!

చివరికి నాటు పడవ ఉన్న ఒక చేపలాయన వెళ్లి తీసుకొచ్చాడు. రెండొందలు తీసుకున్నాడు, న్యాయమే. కానీ ఓడని తలకిందులుగా పట్టుకుని నీళ్లు వంపుతూ ఒక మాట అన్నాడు, "అడుగున బరువేదండీ? ఇంత గుడ్డ పైన కట్టి అడుగున ఏమీ లేకపోతే నిలబడుద్దేటి, ఇసకన్నా ఏసుకోవాల గదా". తొమ్మిది నెలల నా చదువు మొత్తం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అది విన్నాకే మీకు ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఎందుకంటే బరువు వేసుకోవడానికి మీరు చోటు ఇవ్వలేదు. మర్యాదగానే అడుగుతున్నా. అసలు తరంగిణి 54 మీటర్లు, సుమారు 500 టన్నులు. 1/72 పెట్టుకుంటే పొడవు 75 సెంటీమీటర్లు, యాక్టివా మీద కాళ్ల దగ్గర అడ్డంగా పెట్టుకుని పోవచ్చు, షోకేసులో పట్టుద్ది, మా ఆవిడ కూడా ఏమీ అనదు, అన్నీ బావున్నాయి అనుకున్నా. బరువు కూడా 72 రెట్లే తగ్గుద్ది అనుకున్న వెధవని నేనొక్కణ్ణే కాదు అని నా నమ్మకం. కానీ మీరు బరువుని 72తో మూడుసార్లు భాగించారు. 500 టన్నులు కాస్తా కిలో 350 గ్రాములయ్యింది. అందులో కొండపల్లి పొణికి కర్రతో చేసిన ఒళ్లు (తేలిక కర్ర అని కావాలనే అది తెచ్చా), ఆటోనగర్లో కార్లకి కొట్టే పుట్టీ, రెసిన్, సర్వోలు (చుక్కాని తిప్పే చిన్న మోటార్లు), రిమోట్ మాట వినే రిసీవర్, నాలుగు బ్యాటరీలు, మాస్టులు, తాళ్లు, ఇవన్నీ పోగా అడుగున బరువుగా వేసే సీసానికి మిగిలింది పావు కిలో. పావు కిలో! అంతకంటే ఒక్క గ్రాము ఎక్కువేసినా డెక్ మీదకి నీళ్లు.

దీనికన్నా ఘోరం ఇంకోటి ఉంది, రాత్రి నిద్ర పట్టనిది దాని గురించే. పొడవు సగం చేస్తే తెరచాప నాలుగో వంతు అవుద్ది, దాని ఎత్తు కూడా సగం, అంటే ఓడని పడేసే బలం ఎనిమిదో వంతు. బానే ఉంది. కానీ పడకుండా నిలబెట్టే బలం? బరువు ఎనిమిదో వంతు, ఆ బరువు పట్టి లాగే దూరం సగం, మొత్తం పదహారో వంతు. పడేసేవాడికి ఎనిమిదో వంతు, నిలబెట్టేవాడికి పదహారో వంతు. ఇదెక్కడి పంపకం? ఇద్దరు కొడుకులకి ఆస్తి పంచే తండ్రి కూడా ఇంత అన్యాయం చెయ్యడు. అదే గాలికి నా 1/72 ఓడ అసలు ఓడకంటే 72 రెట్లు తేలిగ్గా పడిపోద్ది అన్నమాట, లెక్క నాలుగుసార్లు చేశా, తప్పు లేదు, ఉంటే బావుండేది.

అయినా గాలి సంగతి ఏంటి? ఓడని తగ్గించావ్, మాస్టు తగ్గించావ్, డెక్ మీద నిలబెట్టిన నావికుల్ని రెండున్నర సెంటీమీటర్లు చేశావ్, మరి గాలిని ఎందుకు తగ్గించలా? అది నీ డ్యూటీ కాదా? (మీరు అని మొదలెట్టా, ఇక నా వల్ల కాదు.) నిన్న ఫోన్లో గాలి గంటకి 12 కిలోమీటర్లు అని చూపించింది. అంత ఓడకి అంత గాలి అంటే, గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుద్ది కాబట్టి 72కి వర్గమూలం తియ్యాలి, అది ఎనిమిదిన్నర, దాంతో గుణిస్తే అసలు తరంగిణికి గంటకి 102 కిలోమీటర్ల గాలి తగిలినట్టు. వాతావరణ శాఖ భాషలో 89 నుంచి 117 దాకా తీవ్ర తుపాను. బందరు వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. అంటే నేను ఆదివారం సాయంత్రం, తెల్ల ప్యాంటు వేసుకుని, పల్లీలు తింటూ, అన్ని తెరచాపలూ ఎత్తేసి తీవ్ర తుపానులోకి ఓడ వదిలానన్నమాట! ఏ కెప్టెనైనా వదులుతాడా? నాకు ముందు చెప్పొద్దా? పెట్టె మీద, ప్లాన్ మీద, ఎక్కడైనా సరే "ఇది షోకేసు సైజు, నీళ్ల దగ్గరకి తీసుకుపోవద్దు" అని ఒక్క లైను రాయడానికి నీకేం రోగం?

కొరియర్ వాడి సంగతి ఎత్తను, మూడు రోజుల్లో వస్తదన్న సెయిల్ వించ్ (తెరచాపల తాళ్లు లాగే మోటారు) ఇరవై రెండు రోజులకి వచ్చింది, అదీ తాడు చుట్టే చక్రం లేకుండా. బందరు కాలవ సంగతీ ఎత్తను, గుర్రపుడెక్క చూసి దండం పెట్టి వచ్చేశా.

మరి పెద్దది చెయ్యొచ్చుగా అంటావ్. నాకు తెలుసు నువ్వదే అంటావ్. మొదట్లో 1/24 అనుకున్నా. 225 సెంటీమీటర్లు, 36 కిలోలు. గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపిస్తే మా ఆవిడ దాని పొడవునా ఒకసారి నడిచి, "ఇది పడుకోడానికి చోటిస్తే మనం ఎక్కడ పడుకోవాలండీ" అంది. 1/36 అయితే 150 సెంటీమీటర్లు, దాదాపు 11 కిలోలు. నిజం చెప్పాలంటే నీళ్లలో అదే బావుంటది, బరువుకి చోటుంది, చిన్న అల కి ఎగిరిపడదు. కానీ మాది నాలుగో అంతస్తు. లిఫ్టులో నిలబెట్టి పెడదామంటే మాస్టులు తలుపుకి అడ్డం, మెట్ల మలుపులో అది తిరగదు, నా నడుమూ తిరగదు. యాక్టివా మీద ఎలాగూ కాదు, ఆదివారం ఆదివారం ఆటో మాట్లాడుకుని ఓడని ఊరేగిస్తే పెద్దావిడ ఈసారి హారతే ఇస్తుంది.

అందుకని రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని 1/48 దగ్గర ఆగా. పొడవు 112 సెంటీమీటర్లు, బరువు నాలుగున్నర కిలోలు. రేసుల్లో ఆడే వన్ మీటర్ రిమోట్ తెరచాప పడవలు కూడా ఇంచుమించు ఇక్కడే ఆగినయ్యి, మీటరు పొడవు, నాలుగు కిలోలకి తగ్గకూడదు, అందులో సగం పైన బరువు పడవ అడుగున వేలాడే పలక, అంటే కీల్‌లోనే. వాళ్లు తెలివైనోళ్లు, ఓడలా కనపడాలన్న సరదా పెట్టుకోలా. నాకు ఆ సరదా ఉంది కాబట్టి కీల్ ఊడదీసేలా పెడతా, రెండు బోల్టులు, రెండు వింగ్ నట్లు, ఒక అడుగు కిందకి దిగే పలక, చివర సీసం గుండు. ఇంట్లో షోకేసులో ఉన్నప్పుడు తీసేస్తే తరంగిణి, ఘాట్‌లో తగిలిస్తే చేపలాయన చెప్పిన ఇసక. సీసం టైర్ల షాపులో అడిగా, వీల్ బ్యాలెన్సింగ్ ముక్కలు పాతవి ఇస్తా అన్నాడు. కరిగించడం మాత్రం ఇంట్లో కాదు, ఆ పొగ మంచిది కాదు. అప్పటికీ 12 కిలోమీటర్ల గాలి 83 అవుద్ది, తీవ్ర తుపాను బలహీనపడి తుపానుగా మారింది, అంతే. పై తెరచాపలు దింపుకుని వదలాలి. అడుగు లోతు కీల్ కాబట్టి మెట్ల దగ్గర దింపితే నేలకి తగులుద్ది, ప్యాంటు మడిచి మోకాళ్ల లోతులోకి నేనే దిగాలి. తెల్లది కాదులే ఈసారి.

112 సెంటీమీటర్లు యాక్టివా మీద పట్టుద్దా అని పొద్దున్నే అట్ట కత్తిరించి పెట్టి చూశా. హ్యాండిల్ పూర్తిగా తిరగట్లా. ఎడమ వైపు మలుపులు లేని దారి ఏదన్నా ఉందేమో చూడాలి.

ఇంకో సంగతి. నిన్న రాత్రి కోపంలో మా అబ్బాయి డబ్బాలో ఉన్న నిన్ను, చెక్క నిన్ను, మోకాలి మీద పెట్టి విరిచిన మాట నిజమే. పొద్దున్న 1/48 ప్లాన్ గీద్దామని కూర్చుంటే ఇంట్లో ఇంకో స్కేలు లేదు. ఫెవికాల్ పెట్టి, రెండు బట్టల క్లిప్పులు బిగించి, ఫ్యాన్ కింద ఆరబెట్టా. ఇప్పుడు గీస్తున్నా. అతుకు దగ్గర ఒక మిల్లీమీటర్ తక్కువొస్తోంది, అంటే అసలు ఓడ మీద దాదాపు 5 సెంటీమీటర్లు. సర్దుకుంటా.

ఇట్లు,
నాలుగో అంతస్తు కెప్టెన్,
విజయవాడ.