కారు కవరు గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కారు కవరు గారికి,

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెండి రంగు వస్త్రధారణతో కొలువుదీరిన తమకు నమస్కారములు.

అమెరికాలో అమ్మాయి పురుడుకని మా బ్లాకులో ఏటా ఎవరో ఒకరు ఆరు నెలలు ఇల్లు విడిచి వెళ్తారు. ఈసారి తమ యజమానుల వంతు. ఆ ఏర్పాట్లు చూసి తీరాలి. ఆవకాయను మూడు పొరల కవర్లలో చుట్టి, టేపు వేసి, పెట్టెను తూకానికి ఎక్కించి, 23 కిలోలు దాటిందని కందిపొడి ప్యాకెట్టు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తూస్తారు. కారు విషయంలో మాత్రం ఇంత హైరానా లేదు. దానికి తమరున్నారు. టాక్సీ గేటు దగ్గర హారన్ కొడుతుండగా తమరిని ఒక్క విసురున కప్పి, అంచు ఎలాస్టిక్ బంపర్ కిందికి లాగి, ‘ఇక దిగులు లేదు’ అని చేతులు దులుపుకుంటారు.

ఆ క్షణం నుంచి తమరు కప్పే గుడ్డ మాత్రమే కాదు. మెకానిక్కు, ఎలక్ట్రీషియను, ఎలుకల నివారణాధికారి, అన్నీ తమరే. జీతం లేని ఇన్ని కొలువులు మరెవరికీ లేవు.

బ్యాటరీ సంగతే చూడండి. ఇంజను ఆపి తాళం చెవి తీసినంత మాత్రాన కారు నిద్రపోదు. గడియారం, దొంగల అలారం, రిమోట్ పిలుపు కోసం చెవులు రిక్కించుకున్న రిసీవరు, అందరూ ఆ బ్యాటరీనే కొంచెం కొంచెంగా తాగుతూ ఉంటారు. నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించేది 12కు దిగువన నెలల తరబడి పడి ఉంటే, లోపలి సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత సత్తువ రాదు. వెళ్లే ముందు నెగెటివ్ టెర్మినల్ ఊడదీస్తే ఈ ఉపద్రవం చాలావరకు తప్పేది. రెండు నిమిషాల పని. అదీ తమరే చూసుకుంటారని అనుకున్నారు కాబోలు.

తమకొక సహాయకుడినీ నియమించారు. వాచ్‌మన్! ‘వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్’ అని తాళం చేతిలో పెట్టారు. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ నుంచి పోయిన శక్తి, నిలబెట్టి నడిపిన ఆ ఐదు నిమిషాల్లో పూర్తిగా తిరిగి రాదు. ఇంజను సరిగా వేడెక్కదు కాబట్టి సైలెన్సర్‌లో చేరిన ఆవిరి బయటికి పోక, నీరై, తుప్పుకు ఆహ్వానం పలుకుతుంది. తీస్తే అరగంటైనా రోడ్డు మీద తిప్పాలి, లేదా ముట్టుకోకుండా వదిలేయాలి. ఈ సేవ మాత్రం రెండింటికీ చెడింది. పాపం, అతనికి డ్రైవింగ్ రాదు; చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాడు.

హ్యాండ్ బ్రేకు సంగతి మరీ విడ్డూరం. కారు దానంతటదే అమెరికాకు బయల్దేరుతుందేమోనన్నంత గట్టిగా లాగి వెళ్లారు. ఆరు నెలల్లో వెనక బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి. గేరులో ఉంచి, చక్రాలకు అడ్డంగా ఇటుకలు పెడితే చాలు. కొత్త కారు కదిలే ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మరిచిపోని ఇంటికి, ఆగిపోయే ముందు నాలుగు ఇటుకలు గుర్తుకు రాలేదు. టైర్లలో గాలి నాలుగైదు పాయింట్లు ఎక్కువ పట్టించాలన్న మాట ఇక ఎత్తను.

పెట్రోలు దగ్గర మాత్రం పొదుపు చూపించారు. తిరగని బండికి ట్యాంకు నింపడం దండగట! ముల్లు రిజర్వులో ఉంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే తేమ గాలికి అంత చోటు.

అన్నట్టు, తమ పాలనలో సుఖపడుతున్న వర్గం ఒకటుంది. చీకటి, వెచ్చదనం, ఎవరూ ఎత్తి చూడరన్న భరోసా. బానెట్ కింద ఎలుకల దంపతులు ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో కాపురం పెట్టి, వైర్ల తొడుగులు కొరుకుతూ సంసారం పెంచుకుంటున్నారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. పైగా ఒళ్లు కడగకుండా కప్పడంతో, తమరిని ఎత్తినప్పుడల్లా లోపలి దుమ్ము గరుకు కాగితంలా రంగును గీస్తోంది. అంతకుమించి తమ స్వయంకృతం ఏమీ లేదని సాక్ష్యం చెప్పగలను.

మధ్యలో బీమా గడువూ ముగిసింది. 90 రోజులు దాటితే ఇన్నేళ్లు కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దక్కే తగ్గింపు, పోతుంది. పాలసీ కాగితం డ్యాష్‌బోర్డులోనే ఉంది, తమరు చదివి గుర్తుచేస్తారని.

నిన్న వారు తిరిగొచ్చారు. తమరిని తొలగించి, తాళం తిప్పి, టక్‌మన్న చప్పుడు తప్ప ఏమీ వినక, మెకానిక్కును పిలిచారు. అతను బానెట్ ఎత్తి, లోపలి నుంచి వేరుశనగ తొక్కలు దోసిలితో తీసి చూపించాడు. వారు తొక్కలను చూశారు, తమరిని చూశారు, వెంటనే తీర్పు చెప్పేశారు: ‘కవరు నాసిరకం.’

మూడు పొరల కొత్త కవరు ఆర్డరు పెట్టారు. ఎల్లుండి వస్తుంది.

ఇట్లు,
పక్క పార్కింగులోని స్కూటరు యజమాని