పాలసీ లేని ఇంటికి తుఫాను తగలదు

ప్రకృతి విపత్తుల నష్టాన్ని ముందే లెక్కగట్టే శాస్త్రం గురించి జనంలో ఉన్న అపోహలను తొలగించడం నా బాధ్యతగా భావిస్తున్నాను. తుఫాను వస్తే ఇళ్లు కూలతాయనీ, కొబ్బరిచెట్లు విరుగుతాయనీ, పడవలు కొట్టుకుపోతాయనీ మనవాళ్లు తరతరాలుగా నమ్ముతున్నారు. బీమా కంపెనీల కంప్యూటర్లలో వీచే తుఫాను అంత మొరటుది కాదు. అది పాలసీ చూశాక గాని కప్పు ఎగరగొట్టదు.

ఈ విద్యకు గౌరవం తెచ్చిపెట్టింది 1992 ఆగస్టులో అమెరికాలోని ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ హరికేన్. అంతవరకు పాత క్లెయిముల సగటుకు కాస్త ధైర్యం కలిపి ప్రీమియం నిర్ణయించేవారు. తుఫాను తీరం దాటిన కొద్ది గంటలకే బీమా నష్టం 1,300 కోట్ల డాలర్లు మించవచ్చని ఈ విద్యలో నిపుణురాలైన కారెన్ క్లార్క్ కంప్యూటర్ నమూనా చెబితే చాలామంది నమ్మలేదు. చివరికి లెక్క 1,500 కోట్లు దాటింది, పలు కంపెనీలు దివాలా తీశాయి, మిగిలినవి నమూనాలు కొనుక్కున్నాయి.

నమూనా పని ఇది: ఇంకా పుట్టని తుఫానులను పదివేల సంవత్సరాలకు సరిపడా పుట్టించి (మన పంచాంగకర్తలు ఒక్క ఏడాది వానకే తడబడుతున్నారని గమనించగలరు), ఒక్కొక్కదాన్నీ బీమా ఉన్న ఆస్తుల పట్టిక మీదికి వదిలి, గోడ ఇటుకదా, కప్పు రేకుదా, ఎన్ని అంతస్తులు అని అడిగి, రాలిన రూపాయలను లెక్కపెడుతుంది. పట్టికలో చిరునామా సరిగా లేక పిన్‌కోడ్ ఒక్కటే ఉంటే, ఆస్తిని ఆ పిన్‌కోడ్ ప్రాంతపు మధ్యబిందువు దగ్గర నిలబెడుతుంది. ఆ విధంగా సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి తలుపులు తుప్పు పట్టిన గోదాము, ఒక్క ఇటుక కదలకుండా, రాత్రికి రాత్రి ఊరి మధ్యకు చేరి ఉప్పెన నుంచి తప్పించుకుంటుంది.

నూరేళ్ల తుఫాను అంటే నూరేళ్లకు ఒకసారి హాజరు వేయించుకుని వెళ్లేదని కూడా అనుకోకండి. ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు అవకాశమని దాని అర్థం. 30 ఏళ్ల గృహరుణం తీరేలోగా అది మీ గుమ్మం తొక్కే అవకాశం నాలుగింట ఒక వంతుకు పైనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకి విమానాశ్రయం పైకప్పును సైతం చీల్చివేసింది. బీమా కంపెనీలకే బీమా చేసే పునర్బీమా సంస్థలు మొత్తం నష్టాన్ని దాదాపు 700 కోట్ల డాలర్లుగా అంచనా వేశాయి. అందులో బీమా ఉన్నది పదో వంతుకు లోపే. తక్కిన తొమ్మిది వంతులూ, శాస్త్రీయంగా చెప్పాలంటే, జరగలేదు.

పాత తుఫానులను నేటి పాలసీల మీద మళ్లీ వీయించి చూసే ఆచారం కూడా ఈ శాస్త్రంలో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేల మందికి పైగా పొట్టనబెట్టుకున్న ఉప్పెన అలా తిరిగి వస్తే, మట్టిగోడల పూరిళ్లను ఎంత వెతికినా దానికి పట్టికలో ఒక్క వరుస కూడా దొరకదు. పాపం, రిక్తహస్తాలతో సముద్రంలోకి వెనుదిరగవలసిందే.

కాబట్టి వచ్చే తుఫాను హెచ్చరిక వినగానే తీరంలోని పూరిళ్లవారు పునరావాస కేంద్రానికి పరుగెత్తే ముందు, ఒక పాలసీ తీసుకుని, తమ ఇంటిని పిన్‌కోడ్ మధ్యబిందువుకు తరలించుకోవలసిందిగా మనవి. ఆ బిందువు ఎక్కడుందో తహసీల్దారు కార్యాలయంలో చెప్పలేరు, నమూనా చేసినవాళ్లనే అడగాలి.