ర్యాలీ రేపు, పర్మిషన్ ఈ రాత్రికి

ఏ పార్టీ కార్యకర్తనైనా, ఏ ఉద్యోగ సంఘం నాయకుడినైనా అడగండి, ర్యాలీకి పోలీసు పర్మిషన్ ఎప్పుడొచ్చిందంటే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే: ముందురోజు రాత్రి. దరఖాస్తు వారం పది రోజుల ముందే ఇచ్చి ఉంటారు. డీఎస్పీ ఆఫీసు చుట్టూ తిరిగి, 'పైనుంచి రావాలండీ' అన్న మాట విని విని విసిగిపోయి ఉంటారు. చివరికి బాగా పొద్దుపోయాక వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది, దానిలో రెండు పేజీల షరతులు. ట్రాఫిక్‌కు అంతరాయం కలగకూడదు, సామాన్య ప్రజలకు ఇబ్బంది కలగకూడదు, రెచ్చగొట్టే నినాదాలు చేయకూడదు, ఏం జరిగినా నిర్వాహకులదే పూర్తి బాధ్యత. వెయ్యిమంది రోడ్డు మీద నడుస్తుంటే ట్రాఫిక్‌కు అంతరాయం లేకుండా ఎలా ఉంటుందో రాసినాయనకీ తెలియదు, కింద సంతకం పెట్టినాయనకీ తెలియదు. ఆ వాక్యం అక్కడున్నది రేపు కేసు పెట్టాల్సి వస్తే పనికొస్తుందని, అంతే.

నా గొడవంతా ఈ ఆలస్యం గురించే. అనుమతి ఇవ్వాలా వద్దా అన్న వాదన మన దగ్గర కావలసినంత జరిగింది, కోర్టుల దాకా వెళ్లింది కూడా. ఎప్పటిలోగా ఇవ్వాలి, ఇచ్చే ముందు ఆ రోడ్డు మీదికి వెళ్లి ఏం చూడాలి అన్న విషయం మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. రాత్రి వచ్చే కాగితం వల్ల రెండు వైపులా నష్టం. కాదంటే కోర్టుకు వెళ్లే టైం నిర్వాహకులకు ఉండదు, ఔనంటే బారికేడ్లు, అంబులెన్సు, దారి మళ్లింపు సరిచూసుకునే టైం పోలీసులకే ఉండదు.

అసలు చట్టం ఏమంటోంది? ఆంధ్రలో పేపర్లలో తరచూ కనిపించే 'జిల్లాలో సెక్షన్ 30 అమలు' అన్న వార్త 1861 నాటి పోలీసు చట్టం నుంచి వస్తుంది. అంటే 1857 సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకు తెల్లవాళ్లు రాసుకున్నది. హైదరాబాద్‌లో కమిషనర్ వాడే సిటీ పోలీసు చట్టం నిజాం కాలంది, దాని మీద సంవత్సరం కూడా నిజాం పాలనలో వాడిన ఫస్లీ లెక్కలో 1348 అనే ఉంటుంది. ఇంత పాత చట్టాలు కదా, కఠినంగా ఉంటాయనుకుంటాం. తీరా చదివితే సెక్షన్ 30 చాలా మెత్తగా ఉంటుంది. ఊరేగింపులను ఎలా నడపాలో చెప్పొచ్చు, ఏ దారిలో, ఏ సమయంలో వెళ్లాలో నిర్ణయించొచ్చు, గొడవ జరిగే అవకాశం ఉందనుకుంటే లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమనొచ్చు, ఆ లైసెన్సుకు ఫీజు మాత్రం తీసుకోకూడదు. దరఖాస్తును మూలన పడేయొచ్చని ఎక్కడా లేదు. షరతులు మీరితే శిక్ష ఎంతో తెలుసా? 200 రూపాయల వరకు జరిమానా. తెల్లవాడు రాసుకున్న దానికంటే మనం ఆచరణలో బాగా బిగించాం.

బిగించడం ఎంతదాకా వెళ్తుందో 2023లో ఆంధ్రప్రదేశ్ చూపించింది. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయారు. ఇరుకు రోడ్డు, పక్కనే కాలువ, చీకటి. కావాలనే ఇరుకు సందులోకి జనాన్ని తెచ్చారని ప్రభుత్వం, బందోబస్తు సరిగా పెట్టలేదని టీడీపీ ఒకరినొకరు తిట్టుకుంటుండగానే, జనవరి 1న గుంటూరులో కానుకల పంపిణీ దగ్గర ఇంకో తొక్కిసలాట, ముగ్గురు మహిళలు చనిపోయారు. మర్నాడే అప్పటి వైసీపీ ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు మాత్రమే కాదు, మున్సిపల్ రోడ్లు, పంచాయతీ రోడ్ల మీద కూడా సభలు, ర్యాలీలు కుదరవు, మరీ అరుదైన సందర్భాల్లో అయితే చూస్తాం, రోడ్లకు దూరంగా ఎక్కడైనా మైదానం చూసుకోండి అని దాని సారాంశం.

ఇక్కడ ఒక విషయం చాలామంది గమనించలేదు. గుంటూరు ప్రమాదం రోడ్డు మీద జరగలేదు, మైదానంలోనే జరిగింది. క్యూలు సరిగా లేక, ఉన్న కానుకలకంటే జనం ఎక్కువై, ఒకరి మీద ఒకరు పడి చనిపోయారు. అంటే ప్రభుత్వం ఎలాంటి మైదానంలోకి వెళ్లమని చెబుతోందో అలాంటి మైదానంలోనే ముందురోజు ముగ్గురు పోయారు, అయినా జీవోలో తప్పంతా రోడ్డుదే అయింది. ఎన్నికల ముందు ప్రతిపక్షాన్ని రోడ్డెక్కకుండా ఆపడానికే ఇది తెచ్చారని అప్పుడు అందరూ అన్నారు, నేనూ అదే అనుకుంటాను. ఆ రాజకీయం పక్కన పెట్టి చూసినా, ప్రాణాలు కాపాడే సాధనంగా కూడా అది పనికిరాదు, ఎందుకంటే ఎంత వెడల్పు చోటులో ఎంతమందిని రానివ్వాలి, బయటికి పోయే దారులు ఎన్ని ఉండాలి అన్న లెక్క రోడ్డుకీ కావాలి, మైదానానికీ కావాలి.

అప్పటి సీపీఐ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ ఈ జీవో మీద హైకోర్టుకు వెళ్లారు. జనవరి 12న వెకేషన్ బెంచ్ జీవోను తాత్కాలికంగా ఆపింది, ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్తే అక్కడ జోక్యం చేసుకోకుండా మళ్లీ హైకోర్టుకే పంపారు, చివరికి మే 12న హైకోర్టు జీవోను కొట్టేసింది. నిజానికి ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1972లోనే జవాబు చెప్పింది. అహ్మదాబాద్‌లో విద్యార్థి సంఘం సభకు పోలీసులు పర్మిషన్ ఇవ్వకపోతే హిమత్‌లాల్ షా అనే ఆయన వేసిన కేసది. ముందుగా పర్మిషన్ తీసుకోమనడంలో తప్పు లేదు, కానీ ఏ కారణాలతో కాదనొచ్చో రాయకుండా మొత్తం అధికారి ఇష్టానికి వదిలేయకూడదు, అన్ని వీధులనూ మూసేయకూడదు అని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. యాభై ఏళ్ల తర్వాత కూడా ఒక రాష్ట్ర ప్రభుత్వానికి అదే పాఠం మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చింది.

పోనీ, పర్మిషన్ ఉంటే జనం క్షేమమా? 2025లో రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ క్రికెట్ జట్టు ఆర్‌సీబీ గెలుపు సంబరాలు. పోలీసుల అనుమతి లేదు, ముందురోజు ఒక సమాచార లేఖ ఇచ్చి ఊరుకున్నారు, మర్నాడు పొద్దున్నే సోషల్ మీడియాలో విక్టరీ పరేడ్ అని పోస్టు పెట్టేశారు. చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు. సెప్టెంబర్ 27న తమిళనాడు కరూర్‌లో, టీవీకే పార్టీ పెట్టిన నటుడు విజయ్ సభ. ఇక్కడ అనుమతి ఉంది, పదివేల మంది వస్తారని దరఖాస్తులో రాశారు, వచ్చింది దాదాపు 27 వేలని పోలీసులు చెప్పారు. మధ్యాహ్నం వస్తాడని పార్టీ ప్రచారం చేసుకుంది, ఆయన వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. తిండీ నీళ్లూ లేకుండా ఎండలో నిలబడ్డ జనం, చంకలో పిల్లలతో తల్లులు. 41 మంది పోయారు.

కాగితం లేనిచోటా పోయారు, ఉన్నచోటా పోయారు. మన పర్మిషన్ కాగితాల్లో ఎన్నో షరతులుంటాయి గానీ, నాయకుడు గంటల తరబడి ఆలస్యంగా వస్తే ఏం చేయాలన్నది ఉండదు, ఉన్నా అమలు చేసే దమ్ము ఏ సీఐకి ఉంటుంది చెప్పండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఆ టైమే. మీటింగ్ ఆలస్యమయ్యే కొద్దీ వెనక నుంచి జనం వచ్చి చేరుతూనే ఉంటారు, ముందున్నవాళ్లు చోటు పోతుందని కదలరు. జెండా రంగు గురించి, నినాదాల గురించి రాసే బదులు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలా మేలు.

రాజకీయ సభల సంగతి పక్కనపెట్టి హైదరాబాద్‌కు వద్దాం. 2025 ఆగస్టు 17 అర్ధరాత్రి రామంతాపూర్ గోకులనగర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర. రథాన్ని లాగుతున్న వాహనం మొరాయించింది. దాన్ని పక్కనపెట్టి కుర్రాళ్లే చేతులతో రథాన్ని లాగారు. కొంచెం దూరం పోయాక పైన కరెంటు తీగ తగిలింది, ఐదుగురు చనిపోయారు. మర్నాడు బండ్లగూడలో వినాయకుడి విగ్రహం తీసుకొస్తుంటే మళ్లీ కరెంటు తగిలి ఇద్దరు.

ఇలాంటప్పుడు పర్మిషన్ ఉందా అని మొదట అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. రథం ఎత్తెంత, ఆ వీధిలో అన్నిటికంటే కిందికి వేలాడే తీగ ఎత్తెంత? ఈ రెండు సంఖ్యలూ ఒకే మనిషి చేతిలో ఉండాలి. గణేశ్ మండపాలకు పోలీసు పోర్టల్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు ఉంది, విగ్రహం ఎత్తు, నిమజ్జనం తేదీ, నిర్వాహకుల ఫోన్ నంబర్లు అడుగుతారు, మంచిదే. కానీ విగ్రహం ఎత్తు పోలీసుల దగ్గర, తీగల లెక్క కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర, గుంతల లెక్క కార్పొరేషన్ దగ్గర, కేబుల్ టీవీ వైర్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఊరేగింపుకు ఒక రోజు ముందు ముగ్గురూ కలిసి ఆ దారిలో ఒక్కసారి నడిస్తే చాలు, కర్ర పట్టుకుని కొలిచినా సరిపోతుంది. అలాంటి నడకకు టైం ఉండాలంటే పర్మిషన్ వారం ముందే తేలాలి.

అయితే మన పోలీసులకు ఇది చేతకాదని అనను. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకేరోజు, సెప్టెంబర్ 28న పడ్డాయి. టెన్షన్ మామూలుగా లేదు. ముందుగానే కూర్చుని మాట్లాడుకున్నారు, మిలాద్ ర్యాలీని ముస్లిం పెద్దలే అక్టోబర్ 1కి మార్చుకున్నారు. 2024లో మళ్లీ అదే పరిస్థితి, మళ్లీ అదే పద్ధతిలో సెప్టెంబర్ 19కి జరిపారు. ఏ జీవో లేకుండా, వారాల ముందు మాట్లాడుకుంటే పనైంది. అంటే మతపరమైన ఊరేగింపుల దగ్గర మన వ్యవస్థకు ముందుచూపు ఉంది, నిరసన అనగానే అది మాయమవుతుంది. ఆశా వర్కర్లు, అంగన్‌వాడీ టీచర్లు చలో అంటే మాత్రం పర్మిషన్ సంగతి తేలకముందే తెల్లారుజామున ఇంటి ముందు కానిస్టేబుల్ ఉంటాడు.

అడ్డుకుంటే ఆగుతారా అంటే అదీ లేదు. 2022 ఫిబ్రవరి 3న వేతన సవరణ (పీఆర్సీ) మీద ఉద్యోగుల చలో విజయవాడకు అనుమతి లేదన్నారు, టోల్‌గేట్ల దగ్గర, బస్టాండ్లలో ఆపారు. మారువేషాల్లో వచ్చినవాళ్లు కూడా ఉన్నారని అప్పుడు టీవీల్లో చూశాం. మధ్యాహ్నానికి విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు నిండిపోయింది. అనుమతి లేని గుంపుకు బారికేడ్లు ఉండవు, మంచినీళ్లు ఉండవు, ఎమర్జెన్సీ దారి ఉండదు, ఆ రోజు ప్రమాదమేమీ జరగలేదంటే అది ఉద్యోగుల క్రమశిక్షణే. దీనికి భిన్నంగా 2012 సెప్టెంబర్ 30న తెలంగాణ ఉద్యమకారులు చేసిన సాగరహారం మార్చ్‌కు అప్పటి ప్రభుత్వం చర్చలు జరిపి నెక్లెస్ రోడ్‌లో మధ్యాహ్నం మూడు నుంచి ఏడు వరకు అని టైం ఇచ్చింది. ఏడు దాటినా జనం కదల్లేదు, ఉస్మానియా దగ్గర టియర్ గ్యాస్ కూడా తప్పలేదు, నిజమే. అయినా ఎక్కడ, ఎన్నింటికి అన్నది ముందే తెలిసింది. అలాంటి మార్చ్‌ల మీద వచ్చిన రాష్ట్రంలోనే 2017లో ఇందిరాపార్క్ దగ్గర ధర్నాచౌక్‌ను ఎత్తేశారు, హైకోర్టు చెప్పాక గానీ మళ్లీ తెరుచుకోలేదు.

ఈ కథ మనదొక్కటే కాదు. 1963 గుడ్ ఫ్రైడే నాడు అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో రెవరెండ్ షటిల్స్‌వర్త్ అనే నల్లజాతి మతబోధకుడు 52 మందిని ఫుట్‌పాత్ మీద నడిపించాడని పరేడ్ పర్మిట్ లేదంటూ జైలుశిక్ష వేశారు. ప్రజా సంక్షేమం, మర్యాద, నీతి, సౌకర్యం లాంటి ఏ కారణంతోనైనా పర్మిట్ నిరాకరించొచ్చని అక్కడి నగర చట్టంలో ఉండేది. 1969లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది, అధికారికి స్పష్టమైన, కొలవగలిగే ప్రమాణాలు ఇవ్వకుండా అంత అధికారం కట్టబెట్టడం చెల్లదంది. మన 1972 తీర్పు సారాంశమూ ఇంచుమించు ఇదే. తేడా ఎక్కడుందంటే, తీర్పు వచ్చాక మన ప్రభుత్వాలు నిబంధనలు తిరగరాసుకోలేదు.

తిరగరాయడం ఏమంత కష్టం కాదు. దరఖాస్తు అందిన ఇన్ని రోజుల్లోగా జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కాదంటే కారణం కాగితం మీద రాయాలి, దానితో పాటు ఇంకో దారి, లేదా ఇంకో టైం చూపించాలి. నిన్నగాక మొన్న జరిగిన ఘోరం మీద అప్పటికప్పుడు రోడ్డెక్కేవాళ్లకు వారం ముందు దరఖాస్తు అంటే అర్థం లేదు కాబట్టి వాళ్లకు కొన్ని గంటల్లో తేల్చే పద్ధతి వేరే ఉండాలి. జనసంఖ్య తక్కువ చూపించి మూడింతలు తెచ్చే పార్టీకి తర్వాతి సభ అప్పుడు ఆ లెక్క గుర్తుచేయాలి.

దీన్ని ఏ పార్టీ ముందుకు తెస్తుందో నాకు అంతుబట్టడం లేదు. జీవో 1 మీద కోర్టులోనూ బయటా పోరాడిన టీడీపీ వాళ్లు 2024 జూన్‌లో అధికారంలోకి వచ్చారు. 2025లో జగన్ రెంటపాళ్ల వెళ్తానంటే వంద మంది, మూడు వాహనాలు అన్నారు, బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు వెళ్తానంటే 500 మంది అన్నారు. రెంటపాళ్ల వెళ్లే దారిలో గుంటూరు దగ్గర ఒక మనిషి కాన్వాయ్ కింద పడి చనిపోయాడు కాబట్టి ఆంక్షలకు కారణమే లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ వంద ఎక్కడి నుంచి వచ్చింది, ఆ 500 ఏ కొలతతో వచ్చింది? రోడ్డు వెడల్పు కొలిచారా, మార్కెట్ గేట్లు లెక్కపెట్టారా? జీవో 1 తెచ్చినవాళ్లు ఇప్పుడు ప్రజాస్వామ్యం అంటున్నారు, అప్పుడు ప్రజాస్వామ్యం అన్నవాళ్లు ఇప్పుడు శాంతిభద్రతలు అంటున్నారు, జిల్లాల్లో మాత్రం సెక్షన్ 30 నోటీసులు ఎప్పటిలాగే వెలువడుతున్నాయి.