వంగతోట దగ్గర బావ కాదు

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. తలా కొంత వేసుకుని విడ్బీ ద్వీపంలోనో, ఇంకాస్త పైన లోపెజ్‌లోనో ఓ ముప్పై ఎకరాలు కొందాం, ఇళ్ళు కట్టుకుందాం, కూరగాయలు పండించుకుందాం, పిల్లలకి మట్టి అంటే ఏంటో తెలుస్తుంది, రిటైరయ్యాక ఒకరికొకరు తోడుగా ఉంటాం అని. ఉగాది రోజు భోజనాల దగ్గర మొదలైన ఈ మాట వాట్సాప్ గ్రూపు దాటి అగ్రిమెంటు ముసాయిదా దాకా వచ్చింది. నేనూ ఆ గ్రూపులో ఉన్నాను. ఈ ఆలోచనంటే నాకు ప్రాణం. కానీ ఆ ముసాయిదా ఇలాగే ఉంటే మాత్రం నేను సంతకం పెట్టను, ఎందుకో ఇక్కడే అందరి ముందూ చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఈ కోరిక ఎక్కడిదో చూడండి. మనలో చాలామందికి ఊళ్ళో పొలం అంటే మనసు లాగుతుంది, కానీ ఎన్నారైలు గానీ, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు గానీ ఇండియాలో వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా, అంటే ఇండియా విదేశీ మారక చట్టం నిబంధనలు ఒప్పుకోవు. తాతల నుంచి వస్తే ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికి లేదు. ఇక్కడైతే కొనొచ్చు. ఆ మాటకొస్తే ఇక్కడా ఎప్పుడూ ఇలా లేదు. 1921లో వాషింగ్టన్ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేని పరదేశీయులు పొలం కొనకూడదు, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి ఆ అర్హత లేదని తేల్చేసింది, 1946 దాకా మన పరిస్థితి అదే. అలాంటి రాష్ట్రంలో ఇవాళ మన పేరు మీద పొలం అంటే అది చిన్న సంగతి కాదని నేనూ ఒప్పుకుంటాను.

ఇప్పుడు ముసాయిదాలో ఏముందంటే, ఒక ఎల్ఎల్‌సీ, అంటే పరిమిత బాధ్యత కంపెనీ పెడతారు, ప్రతి కుటుంబానికీ సమాన వాటా, ముగ్గురు మేనేజర్లు, ఐదేళ్ళ తర్వాత ఎవరి వాటా వాళ్ళు మార్కెట్ రేటుకి అమ్ముకోవచ్చు, పదేళ్ళ తర్వాత మెజారిటీ ఓటుతో మొత్తం అమ్మి పంచుకోవచ్చు. ఉండాలనుకున్నవాళ్ళు ఈలోగా ఇల్లు కట్టుకోవచ్చు. నేను రెండుసార్లు చదివి అడిగిన ప్రశ్న ఒకటే, ఇది ఊరా, వెంచరా? రెండూ అన్నారు. రెండూ ఒకే కాగితం మీద కుదరవు అన్నదే నా వాదన.

మా ఊరి సంగతి చెప్తాను. మాది నల్లగొండ వైపు. తాత పోయాక నలుగురు అన్నదమ్ముల పొలం ఉమ్మడిగానే ఉండిపోయింది, నలుగురికీ కలిపి ఒకటే బోరు. ఊళ్ళో ఉండి చేసేది పెదనాన్న ఒక్కడే. ఒక యాసంగిలో వరి పొట్టకొచ్చే టైముకి మోటారు కాలిపోయింది. వైండింగుకి తలా కొంత ఇవ్వమని పెదనాన్న అందరికీ ఫోన్లు చేశాడు. హైదరాబాదులో ఉన్న బాబాయి నేను సాగు చేయట్లేదు కదా నేనెందుకివ్వాలి అన్నాడు, దుబాయిలో ఉన్నాయన ఫోనే ఎత్తలేదు, మా నాన్న ఇస్తానని పది రోజులు లాగాడు. ఆ పది రోజుల్లో మడి బీటలు వారింది. నేను సెలవులకి వెళ్ళి చూసేసరికి కంకులు తెల్లగా నిలబడి ఉన్నాయి, ఒకటి తుంచి అరచేతిలో నలిపితే గింజ లేదు, అంతా తాలే. పెదనాన్న ఒక్క మాటా అనలేదు, ఆ తాలుని ఊది చేతులు దులుపుకున్నాడు. కొన్నేళ్ళకి పక్క నుంచి రోడ్డు వస్తుందని తెలిసింది. రేటు పెరిగింది. అప్పుడు మాత్రం నలుగురూ ఒకే రోజు దిగారు, సర్వేయర్ని కూడా వెంటబెట్టుకుని.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. కానీ మా ఇంట్లో జరిగినదాంట్లో తప్పు ఉమ్మడిది కాదు. ఊళ్ళో ఉన్నవాడికీ లేనివాడికీ హక్కు సమానం, బాధ్యత మాత్రం ఉన్నవాడిది ఒక్కడిదే, అక్కడ ఉంది తప్పు. మన ముసాయిదా కూడా అచ్చంగా అదే చేస్తోంది. నలభై కుటుంబాల్లో ఐదారు కుటుంబాలు అక్కడికి వెళ్ళి కంచె వేసి, జింకలతో పడి, సెప్టిక్ ట్యాంక్ పర్మిట్ల కోసం కౌంటీ ఆఫీసు చుట్టూ తిరుగుతాయి. పదో ఏడు మిగతా ముప్పై నాలుగు కుటుంబాలు రేటు బాగుంది అమ్మేద్దాం అని చెయ్యెత్తితే వాళ్ళు ఎక్కడికి పోవాలి?

చట్టం సంగతి కూడా ఎవరూ పట్టించుకోవట్లేదు. ఫ్లోరిడాలో హోవీ అనే కంపెనీ నారింజ తోటని చిన్న చిన్న ముక్కలుగా అమ్మేది, కొన్నవాళ్ళు ఎక్కడో ఉండేవాళ్ళు, సాగు, కోత, అమ్మకం అన్నీ కంపెనీ మనుషులే చూసుకుని లాభం పంచేవాళ్ళు. మన పేపర్లలో శ్రీగంధం, టేకు ప్లాట్ల ప్రకటనలు చూస్తాం కదా, అదే పద్ధతి. 1946లో అమెరికా సుప్రీంకోర్టు అది భూమి అమ్మకం మాత్రమే కాదు, పెట్టుబడి కాంట్రాక్టు కాబట్టి షేర్లలాంటి వాటికి ఉండే సెక్యూరిటీల చట్టం వర్తిస్తుంది అని తీర్పిచ్చింది. ఇంకొకరి కష్టం మీద లాభం వస్తుందని ఆశించి ఉమ్మడి వ్యవహారంలో డబ్బు పెడితే కోర్టు అలాగే చూస్తుంది. ముగ్గురు నడిపితే ముప్పై ఏడు కుటుంబాలు రేటు కోసం ఎదురుచూసే మన ఎల్ఎల్‌సీ దానికి ఎంత దూరంలో ఉందో ఒక సెక్యూరిటీస్ లాయరు దగ్గర కూర్చుని అడగాలి. గ్రూపులో ఉన్న రియల్టర్ అన్నయ్య మంచివాడే, కానీ ఇది ఆయన చెప్పగలిగే విషయం కాదు.

ఇలాంటిది చేసి నిలబడ్డవాళ్ళు లేరా అంటే ఉన్నారు. స్కాట్లాండ్ పడమటి తీరంలో ఎయిగ్ అనే చిన్న ద్వీపం ఉంది. ద్వీపమంతా ఎవరో ఒక భూస్వామి చేతిలో ఉండేది, ఆయన అమ్మితే ఇంకొకాయన వచ్చేవాడు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళలో చాలామందికి సరైన లీజు కాగితం కూడా లేదు. రేపు వెళ్ళగొడతారేమో అన్నప్పుడు ఇంటి కప్పు ఎవరు బాగు చేయించుకుంటారు? అరవై డెబ్భై మంది ఉన్న ఆ ఊరివాళ్ళు చందాలు అడగడం మొదలుపెట్టారు. వేలమంది ముక్కూమొహం తెలియనివాళ్ళు చిన్న చిన్న చెక్కులు పంపారు, పేరు చెప్పని ఒకావిడ చాలా పెద్ద మొత్తం ఇచ్చింది, 1997 జూన్ 12న 15 లక్షల పౌండ్లకి ద్వీపం ట్రస్టు చేతికి వచ్చింది. ఆ ట్రస్టులో ఊరివాళ్ళ సంఘం, హైలాండ్ కౌన్సిల్, స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఉన్నాయి.

ఇక్కడ నేను మళ్ళీ మళ్ళీ తలుచుకునే సంగతి ఏంటంటే, డబ్బు పంపిన ఆ వేలమందిలో ఒక్కరికి కూడా ఒక్క గజం రాలేదు. ఎవరూ అడగలేదు. తర్వాత 2008లో ఆ ద్వీపం తన కరెంటు తానే తయారుచేసుకోవడం మొదలుపెట్టింది, వాగు నీళ్ళు, గాలి, ఎండతో. ఒక్కో ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లు మించి వాడకూడదని నియమం పెట్టుకున్నారు, డబ్బున్నవాడికైనా లేనివాడికైనా అదే. కెటిల్, ఓవెన్, వాషింగ్ మెషీన్ అన్నీ ఒకేసారి పెడితే గీత దాటుతుంది, కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటారు. అక్కడే కాపురం ఉండేవాళ్ళు తమకి తాము పెట్టుకున్న నియమం కాబట్టి నిలబడింది. జనాభా తగ్గలేదు, వంద దాటింది.

అంత దూరం ఎందుకు, దీని వేళ్ళు మా పాత నల్లగొండ జిల్లాలోనే ఉన్నాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేని 80 ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. దాన్నుంచి గ్రామదానం పుట్టింది, అంటే భూమి హక్కు ఊరి సభకి ఇచ్చి, సాగు హక్కు కుటుంబాలకి ఉంచడం. అమెరికాలో రాబర్ట్ స్వాన్ అనే ఆయనకి ఆ గ్రామదానం స్ఫూర్తి. ఆయనా, పౌరహక్కుల ఉద్యమంలో ఉన్న చార్లెస్ షెరాడ్, స్లేటర్ కింగ్ లాంటి నల్లజాతి నాయకులూ కలిసి 1969లో జార్జియాలో న్యూ కమ్యూనిటీస్ అనే ఉమ్మడి పొలం మొదలుపెట్టారు. సుమారు 5,700 ఎకరాలు. ఇవాళ అమెరికా అంతటా ఉన్న కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టులకి అదే మూలం. మనం ఫెర్రీ ఎక్కి వెళ్ళి చూసి మురిసిపోయే లోపెజ్‌లో 1989 నుంచి అలాంటి ట్రస్టు ఒకటి నడుస్తోంది. నేల ట్రస్టుది, ఇళ్ళు అక్కడ ఉండే కుటుంబాల సహకార సంఘాలవి, వదిలి వెళ్తే ఎంతకి అమ్మాలో ముందే లెక్క రాసి ఉంటుంది. పోచంపల్లి నుంచి బయల్దేరిన ఆలోచన జార్జియా మీదుగా మన పక్క ద్వీపానికి వస్తే, మనమేమో అదే ద్వీపానికి వెంచరు కాగితం పట్టుకుని వెళ్తున్నాం. ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

అయితే ట్రస్టు అని పేరు పెడితే చాలదు. జార్జియా పొలం మీద అప్పు ఉంది. కరువొచ్చింది, ప్రభుత్వం ఇవ్వాల్సిన కరువు రుణం వివక్ష వల్ల సమయానికి అందలేదు, 1985లో భూమి పోయింది. 2009లో దాదాపు 1.2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది గానీ పాత నేల తిరిగి రాలేదు. అందుకే నేను నేల మీద తాకట్టు వద్దంటున్నాను. ముప్పై ఎకరాలకి డబ్బు సరిపోకపోతే పన్నెండు కొందాం.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం, దాని గురించి గ్రూపులో ఒక్క మెసేజీ లేదు. జూన్‌లో నేనూ మా ఆయనా మనవాళ్ళు చూసిన ఆ విడ్బీ పొలానికి వెళ్ళాం. పక్క పొలం ఆవిడ వెల్లుల్లి, గుమ్మడి పండిస్తుంది. కొళాయి తిప్పి ఒక గ్లాసు నీళ్ళు పట్టి ఇచ్చింది. మొదటి గుక్కలో ఏమీ తెలియలేదు, మింగాక నాలుక చివర సన్నగా ఉప్పదనం. ఇది జూన్ నీళ్ళు, ఆగస్టులో వచ్చి తాగి చూడండి అంది. ఒలింపిక్ కొండల చాటున ఉండటం వల్ల అక్కడ సియాటిల్ కంటే వాన బాగా తక్కువ, బావుల్లోంచి ఎక్కువ తోడితే సముద్రం లోపలికి వస్తుంది. పైగా వాషింగ్టన్‌లో పర్మిట్ లేని బావి నీళ్ళు ఇంటి అవసరాలకి రోజుకి 5,000 గ్యాలన్ల దాకానే, తోటకైతే అరెకరం, అదీ అమ్మకానికి కాదు. నలభై కుటుంబాలకి కూరగాయలు పండించాలంటే నీటి హక్కు ఉన్న పొలం కావాలి. అది లేకుండా నేల కొంటే మిగిలేది గడ్డే. గోంగూర ఆశ ఉన్నవాళ్ళకి ఇంకో మాట, ఆ చల్లదనానికి గ్రీన్‌హౌస్ లేకుండా అది సరిగ్గా ఎదగదు, మెంతికూర మాత్రం బాగా వస్తుంది.

"మనవాళ్ళే ఉండాలి" అన్న మాట కూడా గ్రూపులో వచ్చింది. ఇల్లు ఇచ్చే దగ్గర మతం, జాతి, పుట్టిన దేశం చూడకూడదని 1968 నుంచి చట్టం ఉంది. కులం విషయంలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలోనే వివక్ష కుదరదని చట్టం చేసింది. చట్టం లేకపోయినా నాకు ఇదే అభిప్రాయం. మన సంఘాలు ఎందుకు చీలాయో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం. పోచంపల్లిలో ఆ రోజు భూమి అడిగినవాళ్ళెవరో గుర్తుంటే, మన పొలం గేటు దగ్గర ఇంటిపేరు అడిగే పరిస్థితి రాకూడదు.

కాబట్టి నేను కోరేది ఇది. నేల లాభాపేక్ష లేని ట్రస్టు పేరు మీద ఉండాలి, అక్కడ ఉండేవాళ్ళకి 99 ఏళ్ళ లీజు ఇవ్వాలి, వాళ్ళ ఓటే ముఖ్యం కావాలి. మిగతా మనం ఇచ్చేది చందా అయినా కావాలి, లేదా వడ్డీ లేకుండా ఇన్నేళ్ళకి తిరిగివ్వాలని రాసుకున్న చేబదులైనా కావాలి. వాటా మాత్రం కాకూడదు. వదిలి వెళ్ళేవాళ్ళకి వాళ్ళు కట్టిన ఇంటి విలువ ఏ లెక్కన ఇస్తామో, ఎన్నాళ్ళలో ఇస్తామో మొదటి రోజే రాసుకోవాలి, ఎందుకంటే విడాకులు, లేఆఫులు, అమ్మానాన్నల అనారోగ్యం మనలో ఎవరికైనా రావచ్చు. ఎక్కడైనా బావే గానీ వంగతోట దగ్గర బావ కాదని అంటారు కదా, ఆ కాగితం రాసేటప్పుడు అన్నా, వదినా అన్న పిలుపులు కాసేపు పక్కనపెట్టి రాసుకుంటే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు హాయిగా అలాగే పిలుచుకోవచ్చు. ఈ పద్ధతిలో అయితే మా ఇంటి తరఫున డబ్బు రెడీగా ఉంది, దాన్ని చందాగానే ఇస్తాం. పెట్టుబడే కావాలనుకునేవాళ్ళు వేరే స్థలం వేరే కాగితంతో కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు, నేను అడ్డు రాను.

ఆగస్టు చివరి శనివారం మళ్ళీ ఆ పొలానికి వెళ్తున్నాను, ల్యాబు వాళ్ళిచ్చిన సీసాలో నీళ్ళు పట్టి క్లోరైడ్ పరీక్షకి ఇవ్వడానికి. వస్తానన్నవాళ్ళు పొద్దున ఏడింటికల్లా ముకిల్టియో ఫెర్రీ లైన్లో ఉండండి. టోపీ మర్చిపోవద్దు, అక్కడ నీడంటే ఉన్నది ఒక్క ఆపిల్ చెట్టే.