బ్యాకప్ ఇంటర్నెట్ ఏ దారిన వస్తుందో అడిగి తీసుకోండి

మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేట వంటి పట్టణాల్లో మీసేవ కేంద్రాలు, ఆన్‌లైన్ సెంటర్లు నడిపేవారు, ఇంటి నుంచే కంపెనీ పని చేసుకునే యువకులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. ఫైబర్ లైన్ పోయిన రోజు ఆదుకోవడానికి తక్కువ ఖర్చులో ఏ కనెక్షన్ పెట్టుకోవాలి? దీనికి జవాబును చాలామంది వేగంలోనూ ఆఫర్లలోనూ వెతుకుతున్నారు. బ్యాకప్‌కు ఉండవలసిన మొదటి గుణం అసలు కనెక్షన్‌తో పాటు తానూ పోకుండా ఉండడమే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఫోన్ లైన్ మీద నంబరు డయల్ చేసి నెట్ కలుపుకునే పాత డయల్‌అప్‌కు ఈ గుణం పుష్కలంగా ఉండేది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించాక, ఎన్నో ఏళ్ల పాటు ఇంటర్నెట్ అంటే ల్యాండ్‌లైన్ ఫోనే. ఆ ఫోన్‌కు కావలసిన కరెంటు ఎక్స్‌ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి రాగి తీగ మీదనే వచ్చేది కాబట్టి, వీధి మొత్తం చీకటైనా ఫోన్ పనిచేసేది. లోపల మోడెమ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంటే ఇంటర్నెట్ కూడా కలిసేది. ఒక సంస్థ నంబరు ఎంగేజ్ వస్తే, అదే ఫోన్ నుంచి మరో సంస్థ నంబరుకు డయల్ చేసే వెసులుబాటు ఉండేది. అయితే దాని గరిష్ఠ వేగం సెకనుకు 56 కిలోబిట్లే. ఒక మెగాబైట్ దిగడానికి ఎంత బాగా నడిచినా రెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ వేగంతో నేటి ప్రభుత్వ వెబ్‌సైటు పూర్తిగా తెరుచుకునే లోపే ఓటీపీ గడువు దాటిపోతుంది. అమెరికాలో ఏఓఎల్ సంస్థ సైతం 2025 సెప్టెంబరు 30న తన డయల్‌అప్ సేవను నిలిపివేసింది. ఆ సేవను తిరిగి తెమ్మని నేను అడగడం లేదు, దానికి ఉన్న ఆ స్వతంత్రతను నేటి కనెక్షన్లలో వెతుక్కోమంటున్నాను.

మన దగ్గర ఫైబర్ కేబుళ్లు చాలా చోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వేలాడుతూ వస్తాయి, మిగిలినవి రోడ్డు పక్కన భూమిలో ఉంటాయి. మా వీధిలోని ఒక సెంటరువారు ఎంతో ముందుచూపుతో ఇద్దరు ఆపరేటర్ల దగ్గర రెండు కనెక్షన్లు తీసుకున్నారు. రోడ్డు వెడల్పు పనుల్లో జేసీబీ ఒక్క స్తంభాన్ని పడగొట్టగానే రెండు ఫైబర్ డబ్బాల మీదా ఎర్ర లైటు వెలిగింది, ఎందుకంటే రెండు కేబుళ్లూ ఆ స్తంభం మీదుగానే వెళ్తున్నాయి. భూమి రిజిస్ట్రేషన్ స్లాట్ కోసం, దరఖాస్తు చివరి తేదీ కోసం ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చిన రైతులూ విద్యార్థులూ సాయంత్రం దాకా కూర్చుని వెనక్కి వెళ్లిపోయారు. నెలనెలా రెండు బిల్లులు కట్టించుకుంటున్న ఆపరేటర్లు కేబుల్ ఏ దారిన వస్తుందో ముందుగా ఒక్క మాట చెప్పకపోవడం అన్యాయం. చెప్పరు గనుక మనమే అడగాలి: కేబుల్ ఏ వీధి నుంచి వస్తుంది, ఆపరేటరుకు నెట్ ఇచ్చే పై లైన్ ఏ కంపెనీది, తెగితే అతికే మనిషి ఊళ్లోనే ఉంటాడా?

రెండో కనెక్షన్ గాలిలో వచ్చేదైతే మంచిది, కానీ అక్కడా జాగ్రత్త అవసరం. ఒకే టవరును రెండు మూడు కంపెనీలు పంచుకోవడం మామూలే కాబట్టి, వేరే కంపెనీ సిమ్ అయినంత మాత్రాన అది వేరే టవరు నుంచి వస్తుందని అనుకోకూడదు. టవరుకు కూడా వెనుక నుంచి ఫైబర్ కావాలి, కరెంటు కావాలి. బ్యాటరీలూ జనరేటరూ ఉన్నా అవి ఎంతసేపు నడుస్తాయన్నది ఆ టవరు నిర్వహణను బట్టి ఉంటుంది. అందుకే నేను ప్రకటనల కంటే పరీక్షను నమ్ముతాను. ఊళ్లో కరెంటు గంటల తరబడి పోయిన రోజు ఇరుగుపొరుగు ఫోన్లలో ఏ సిగ్నల్ మిగిలిందో చూడండి, మీ బ్యాకప్ అదే. అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమల అంచున ఉన్నవారు కంపెనీ పేరు కూడా పక్కన పెట్టి, ఇంట్లో ఏ మూలన ఏ సిగ్నల్ అందుతుందో చూసుకున్నాకే డబ్బు పెట్టాలి.

ఖర్చు విషయానికి వస్తే, 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు ఛార్జీలు పెంచినప్పుడు బీఎస్ఎన్ఎల్ పెంచలేదు, 2025 సెప్టెంబరులో అది స్వదేశీ 4జీని కూడా ప్రారంభించింది. మీ వీధిలో ఆ సిగ్నల్ బాగుంటే బ్యాకప్‌కు దాన్ని తప్పకుండా పరిశీలించాలి. ఏ కంపెనీదైనా సిమ్‌ను మూలన పడేయకండి, 90 రోజులు వాడకం లేకపోతే దాన్ని రద్దు చేసే అవకాశం ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని మరొకటి ఉంది. ఫైబర్ లైన్ బాగానే ఉన్నా ఇంట్లో కరెంటు పోవడం వల్ల డబ్బా, రౌటరు ఆరిపోతే దాన్ని చాలామంది నెట్ పోవడం కింద లెక్కేస్తున్నారు. వాటిలో ఎక్కువ శాతం 12 వోల్టులతో నడిచేవే కాబట్టి, బ్యాటరీతో నడిపే చిన్న మినీ యూపీఎస్ ఒకటి పెడితే అవి కొన్ని గంటలు నడుస్తాయి. కరెంటు కోతలే మీ కష్టమైతే రెండో కనెక్షనే అవసరం లేకపోవచ్చు. డబ్బు పంపడం ఒక్కటే ఆగితే, యూపీఐకి *99# డయల్ చేసే పద్ధతి ఉంది, మామూలు కీప్యాడ్ ఫోన్‌లో కూడా నెట్ లేకుండా పనిచేస్తుంది.

బ్యాకప్ పెట్టుకున్నాక నెలకోసారి, జనం ఉన్న పనిరోజునే, అసలు లైన్‌ను మీ చేత్తో ఆపేసి అరగంట సేపు బ్యాకప్ మీదే పని చేసి చూడండి. వేలిముద్ర పడుతుందా, రసీదు ప్రింట్ అవుతుందా, కంపెనీ వీపీఎన్ కలుస్తుందా అన్నవి ఆ అరగంటలోనే తేలిపోతాయి.