తొడ ఎముక విరిగితే తుంటినీ చూడాలి

వేగంగా వెళ్తున్న కారు దేన్నైనా ఢీకొన్నప్పుడు ముందు సీట్లో కూర్చున్నవారి మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు తొడ ఎముక నడిమధ్యలో విరుగుతుంది. తొడ వాచిపోతుంది, కాలు పక్కకు తిరిగిపోతుంది, అందరి దృష్టీ అక్కడే ఉంటుంది. అదే దెబ్బ పైదాకా పాకి, తుంటి కీలు దగ్గర తొడ ఎముక మెడలో, అంటే ఎముకను తుంటి కీలులోని బంతికి కలిపే సన్నటి భాగంలో, సన్నటి నిలువు చీలిక తెచ్చి ఉండొచ్చు. నన్ను కలవరపెట్టేది ఈ రెండోదే.

తొడ ఎముక మధ్యలో విరిగిన ప్రతి వంద మందిలో సుమారు 2 నుంచి 9 మందికి ఆ ఎముక మెడ కూడా విరుగుతుంది. వీటిలో 20 నుంచి 30 శాతం దాకా మొదట్లో ఎవరి కంటా పడవు. దెబ్బ బలమంతా మధ్యలోనే ఖర్చయిపోవడంతో మెడ దగ్గర ముక్కలు పెద్దగా జరగవు. పైగా కాలు బయటికి తిరిగి ఉండటం వల్ల ఎక్స్‌రేలో మెడ కురచగా పడుతుంది. స్పృహ లేని మనిషి ఎక్కడ నొప్పో చెప్పలేడు.

దీనికి మందు తెలియనిది కాదు. అమెరికాకు చెందిన ఎముకల సర్జన్ పాల్ టోర్నెటా బృందం 2007లోనే ఒక పద్ధతి ప్రచురించింది: కాలు లోపలికి తిప్పి తుంటికి విడిగా ఎక్స్‌రే, సన్నని ముక్కలుగా సీటీ స్కాన్, ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్‌తో (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌రే చూపే యంత్రంతో) పక్క నుంచి మరో చూపు, ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎక్స్‌రే. సీటీకీ దొరకని చీలికలున్నాయి కాబట్టి అనుమానం తీరకపోతే ఎమ్మారై కూడా తీయాలి. ఇది ప్రతి ట్రామా కేంద్రంలోనూ తప్పనిసరి కావాలి.

రెండూ విరిగాయని తేలితే నా ఉద్దేశంలో మెడదే మొదటి వరుస. మధ్యలో ఎముక అతకకపోతే ఎముక లోపల వేసే లోహపు రాడ్ మార్చి మళ్లీ ప్రయత్నించవచ్చు. మెడ వెంబడి వెళ్లే రక్తనాళాలు తెగితే మాత్రం తుంటి బంతి చచ్చుబడుతుంది. పాతికేళ్లవాడికి కీలు మార్పిడి గురించి ఆలోచించాల్సి వస్తుంది. మెడను సరిగ్గా కూర్చి స్క్రూలతో గానీ స్లైడింగ్ హిప్ స్క్రూతో (ప్లేటుకు జతచేసిన పెద్ద స్క్రూతో) గానీ బిగించి, తర్వాత మోకాలి వైపు నుంచి రాడ్ వేయడమే నాకు నమ్మకమైన దారి. రెండింటినీ ఒకే పొడవాటి రాడ్‌తో పట్టి ఉంచే పద్ధతిని ఇష్టపడే సర్జన్లూ ఉన్నారు. కోతలు తగ్గుతాయి, నిజమే. కానీ ఒక పరికరంతో రెండు చోట్లా కుదుర్చుకోవడం కష్టం, రాడ్ దిగుతుండగా మెడ జరిగిపోయే ప్రమాదమూ ఉంది. రోగి ప్రాణమే ఊగిసలాడుతుంటే తొడకు బయటి నుంచి ఫిక్సేటర్ (ఎముకను తాత్కాలికంగా పట్టి ఉంచే చట్రం) బిగించి ఆగడం వేరే సంగతి.

రాడ్ వేయించుకున్న మనిషి కొన్ని వారాలకు గజ్జల్లో నొప్పి అంటే, తొడ ఫిల్మ్ చూసి పంపేయకండి. తుంటికి విడిగా ఎక్స్‌రే తీయండి.