చంద్రమతి వేసిన ఆమె పేరేమిటి?

సంక్రాంతి వెళ్ళాక మన పల్లెల్లో గోడలకు అంటించే నాటకం కరపత్రం దగ్గర ఒక్క నిమిషం ఆగి చదవండి. హరిశ్చంద్రుడు వేసేవారి ఇంటిపేరు, ఊరు, బిరుదులు, ఫొటో అన్నీ ఉంటాయి. హార్మోనిస్టు పేరు ఉంటుంది. మైకు సెట్టు వారి పేరూ, చందాలిచ్చిన పెద్దల పేర్లూ ఉంటాయి. చంద్రమతి ఎదురుగా మాత్రం చాలాసార్లు ఒక పొట్టి పేరు, దాని పక్కన విజయనగరం అనో రాజాం అనో ఊరు. అంతే. ఏ తెల్లవారుజామునో కాటి సీనులో లోహితాస్యుణ్ణి ఒళ్ళో వేసుకుని ఆమె గొంతెత్తి ఏడిస్తే పందిట్లో ఆడవాళ్ళందరూ కొంగుతో కళ్ళొత్తుకుంటారు. పొద్దున్న టీ బడ్డీ దగ్గర ‘చంద్రమతి బాగా వేసింది’ అనుకుంటారు. ఆమె పేరేమిటని అడిగినవాళ్ళు మాకు ఎక్కువగా కనబడలేదు.

ఇది మన ఉత్తరాంధ్ర నేల మీద జరగడం మమ్మల్ని మరీ బాధిస్తోంది. కన్యాశుల్కం నాటకం 1892లో మొదటిసారి విజయనగరంలోనే, జగన్నాథ విలాసినీ నాటక సమాజం ప్రదర్శనగా రంగమెక్కింది. తెలుగు నాటకంలో మధురవాణి అంత తెలివైన, అంత నిండైన ఆడమనిషి మరొకరు లేరని మా నమ్మకం. అయితే అది ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలం. మన పల్లెల్లో ఆడే తూర్పు భాగోతం అనే పాత వీధి నాటకంలో సత్యభామ కూడా తరతరాలుగా మగవాడే. స్థానం నరసింహారావు స్త్రీ పాత్రలు వేసే మహానటుడిగా పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన ప్రతిభ ముందు చేతులు జోడిస్తాం. కానీ మగవాడు చీర కడితే మెచ్చుకున్న ఊళ్ళే, ఆడపిల్ల రంగమెక్కితే నోటికొచ్చినట్టు మాట్లాడాయి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాలు తమ ఇంటి ఆడవాళ్ళనే వేదిక ఎక్కించి ఆ మాటలకు ఎదురు నిలిచాయి. 1955లో కన్యాశుల్కం సినిమాగా వచ్చినప్పుడు మధురవాణి సావిత్రి. తెర మీది ఆ మధురవాణిని నెత్తిన పెట్టుకున్నాం. స్టేజీ మీద ఆడవేషం కట్టి బతికే మనిషిని ఇప్పటికీ ఎలా పిలుస్తున్నామో మనకు తెలుసు.

ఆమె ఒక రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. మధ్యాహ్నం ఇంట్లో వంట చేసి పెట్టి, నగల పెట్టె, రెండు పట్టుచీరలు సంచిలో సర్దుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వస్తుంది. పాలకొండో, టెక్కలో, చీపురుపల్లి అవతల ఒక పల్లో. బస్సు దిగాక ఆటో. మేకప్‌కి బడిలో ఒక గది ఇస్తే అదృష్టం, లేదంటే ఎవరింటి వెనక పంచో. మరుగుదొడ్డి గురించి అడగడానికి కూడా మొహమాటపడాలి. రిహార్సల్ అనేది ఉండదు. హరిశ్చంద్రుడు ఎవరో, కృష్ణుడు ఎవరో చాలాసార్లు అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది. ఆయన శ్రుతికి ఈమె గొంతు సర్దుకోవాలి. ఆయన రాగం తీస్తూ వన్స్‌మోర్‌లు అందుకుంటుంటే ఈమె ఆ పది నిమిషాలూ కన్నీళ్ళు ఆరనివ్వకుండా పక్కన నిలబడాలి. నటనంటే అదీ. పద్యం పాడటం కన్నా కష్టమైన పని అదేనని మేమంటాం. మర్నాడు మొదటి బస్సుకి ఒళ్ళు తూలుతూ ఇల్లు చేరి, బిడ్డను బడికి పంపి, మళ్ళీ సాయంత్రం ఇంకో ఊరు. వానలు పడ్డాయంటే ఆ డేట్లూ ఉండవు.

చింతామణి సంగతీ చెప్పుకోవాలి. కాళ్ళకూరి నారాయణరావు రాసిన ఆ నాటకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. ప్రదర్శనల్లో చేరిన బూతును మేము సమర్థించం. ఒక సామాజిక వర్గం నొచ్చుకుంది, ఆ బాధ నిజమైనదే. అయితే చింతామణి, శ్రీహరి, చిత్ర, రాధాబాయి అని నాలుగు ఆడ పాత్రలున్న నాటకం అది. పౌరాణికాల్లో ఒకరికో ఇద్దరికో దొరికే పని అక్కడ నలుగురికి దొరికేది. ఆ డేట్లు పోయిన ఆడవాళ్ళు ఆ నెల ఇల్లు ఎలా గడుపుకోవాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. మేమూ అప్పుడు అడగాల్సింది.

ఇక టీవీ. 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1995 నుంచి ప్రైవేటు చానళ్ళు, ఆ తర్వాత డైలీ సీరియళ్ళు వచ్చాక స్టేజీ నటికి ఒక దారి తెరుచుకుందనుకున్నాం. తెరుచుకున్న మాట నిజమే. కానీ షూటింగులన్నీ హైదరాబాద్‌లో. రెండు రోజుల కాల్షీటు కోసం రైల్లో రాత్రంతా కూర్చుని వెళ్ళి, అక్కడ ఎవరింట్లోనో తలదాచుకోవాలి. వచ్చే పాత్ర అత్తగారి పక్కింటామె, లేదంటే పనిమనిషి. హీరోయిన్‌గా పక్క రాష్ట్రం నుంచి వచ్చిన అమ్మాయి ఉంటుంది, ఆమెకు మరొకరు డబ్బింగ్ చెబుతారు. ఆ అమ్మాయిల మీద మాకు కోపం లేదు, వాళ్ళూ రాత్రింబవళ్ళు పనిచేస్తున్నవాళ్ళే. మా బాధ యాస గురించి. ‘ఏటి’ అన్న మాట వినగానే నవ్వు రావాలన్నట్టు, మన శ్రీకాకుళం మాటను పనిమనిషికీ కామెడీకీ కేటాయించారు. ఇరవై ఏళ్ళు పద్యం విరిచి, అర్థం తెలిసి, స్పష్టంగా పలికిన గొంతు అది. ఆ గొంతుతో ఒక తల్లి, ఒక టీచరు, ఒక కలెక్టరు ఎందుకు మాట్లాడకూడదు? సీరియల్ రాసేవాళ్ళను, తీసేవాళ్ళను నేరుగా అడుగుతున్నాం.

వయసు మీద పడ్డాక కథ మరీ బరువు. మోకాళ్ళు పట్టేస్తాయి, రాత్రి మేలుకుంటే బీపీ. కళాకారులకని ఏ సాయం అడగబోయినా ముందు తాను కళాకారిణినని కాగితం చూపించాలి. ఏం చూపిస్తుంది? ఆమె జీతానికి రసీదులు లేవు. వేలమంది చూసిన రాత్రులకు ఫొటోలు లేవు. ఉన్నవల్లా ఇంటిపేరు లేని ఆ కరపత్రాలే.

ప్రతి ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి జయంతి రోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకుంటాం. మగ కళాకారులకు శాలువాలు కప్పే ఆ వేదికల మీద ఈసారి రెండు పనులు మొదలవ్వాలని మేము కోరుతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సాంస్కృతిక అధికారులు మండలాల వారీగా స్టేజీ నటీమణుల జాబితా తయారు చేసి గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పిల్లలను పంపి, బతికి ఉన్న పెద్ద నటీమణుల గొంతు రికార్డు చేయించాలి. వాళ్ళు పాడిన పద్యాలే కాదు, వాళ్ళు తిరిగిన ఊళ్ళు, తిన్న తిట్లు, గెలిచిన పందేలు కూడా. నాటకం ఆడించే ఊరి కమిటీలకు ఇంకో మాట: మేకప్‌కి తలుపూ గడియా ఉన్న గది, పక్కనే మరుగుదొడ్డి, తిరిగి వెళ్ళేటప్పుడు తోడు. ఇవి ముందే మాట్లాడుకోండి, ఆమె చేత అడిగించుకోకండి.

పాఠకులతో కూడా ఒక పని ఉంది. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో నాటకాల కరపత్రాలు ఉంటే పారేయకండి. ఆ రాత్రి చంద్రమతో, చింతామణో వేసినామె మీ నాన్నమ్మకు గుర్తుంటే, ఆమె పూర్తి పేరు అడిగి కరపత్రం వెనక పెన్సిల్‌తో రాసి మా ఆఫీసుకి పంపండి. వాటిని మేము అచ్చు వేస్తాం. ఇంటిపేరుతో సహా.